ఇనుపదండం ఎవరికి హెచ్చరిక?

అన్యమతానికి చెందిన ఒక వాక్యం చెవిన పడినప్పుడు మనం సాధారణంగా రెండు పనులలో ఏదో ఒకటి చేస్తాం. భయపడతాం, లేదా తోసిపుచ్చుతాం. మూడవ మార్గం ఒకటి కలదు. ఆ మాట ఎక్కడ పుట్టింది, ఎవరు ఎవరితో పలికారు, ఏ సందర్భంలో పలికారు అని విచారించడం. 'విచారణ' అనే మాటకు మన శాస్త్రాలలో ఎంతో గౌరవముంది. స్వధర్మంలో స్థిరంగా నిలిచినవారికి అటువంటి విచారణ వల్ల కలిగే నష్టమేదీ లేదు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో ఈ విచారణ అవసరం నిత్యజీవితంలోనే ఎదురవుతుంది. సాంచాల మీద పక్కపక్కన నిలబడి బట్ట నేసేవారు, ఒకే కార్ఖానాకు బీడీలు చుట్టి ఇచ్చే స్త్రీలు, గల్ఫ్ దేశాలలో ఒకే గదిలో తలదాచుకునే మన పిల్లలు, వీరందరిలో నరసింహస్వామికి మొక్కేవారూ ఉన్నారు, క్రీస్తును కొలిచేవారూ ఉన్నారు. పెళ్లికీ చావుకూ ఒకరి ఇంటికి ఒకరు వెళ్లక తప్పదు. అక్కడ గోడమీది క్యాలెండరులోనో, ప్రార్థనలోనో బైబిలు వాక్యాలు మనకు ఎదురవుతాయి. వాటిలో రెండవ కీర్తనకు చెందిన తొమ్మిదవ వచనం ఒకటి. దైవం తాను అభిషేకించిన రాజుకు జనాలన్నింటి మీద అధికారం ఇస్తాడనీ, ఆ రాజు చేతిలోని ఇనుపదండం వారిని కుమ్మరి చేసిన కుండల మాదిరి పగులగొడుతుందనీ దాని భావం.

ఇది విన్న హిందూ గృహిణికి కలిగే సందేహం సహజమైనదే. 'ఆ పగిలే కుండలు మేమేనా?' అని ఆమె మనసు అడుగుతుంది. పైగా అదే కీర్తన ఆరంభంలో తెలుగు బైబిలు వాడిన 'అన్యజనులు' అనే మాట కనిపిస్తుంది. అన్యులంటే తమ మతం కానివారని, అంటే తామేనని ఆమె అనుకుంటుంది. కొందరు బోధకులు సైతం ఆ మాటను అదే అర్థంలో వాడటం వల్ల అనుమానం మరింత బలపడుతుంది. అక్కడితో ఇరుగుపొరుగుల మధ్య ఒక అడ్డుగోడ లేస్తుంది. ఈ గోడ అనవసరమైనదని చెప్పడమే ఈ వ్యాస ఉద్దేశం. ఆ వచనం సామాన్యులను బెదిరించడానికి పుట్టినది కాదు. అధికారం చేతబట్టిన రాజులను హెచ్చరించే పాటలోనిది.

కీర్తనలో ఉన్నదేమిటి?

బైబిలు పూర్వభాగంలో 150 పాటల సంకలనం ఒకటి కలదు. హీబ్రూ భాషలో ఉన్న ఆ గ్రంథానికి తెలుగులో 'కీర్తనల గ్రంథము' అని పేరు పెట్టారు. అన్నమయ్య, రామదాసుల వల్ల మనకు ప్రాణప్రదమైన మాటనే అనువాదకులు ఎన్నుకున్నారు. తెలుగు క్రైస్తవ భక్తకవి పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటివారు రాగతాళాలతో పాటలు కట్టినది కూడా ఈ దేశీయ కీర్తన సంప్రదాయంలోనే. కాబట్టి ఆ పుస్తకం పేరు మనకు కొత్తది కాదు.

రెండవ కీర్తన 12 వచనాల చిన్న పాట. అందులో నాలుగు దృశ్యాలున్నాయి. మొదటి దృశ్యంలో భూమిమీది రాజులు, అధిపతులు ఏకమై దైవానికీ, దైవం అభిషేకించిన రాజుకూ వ్యతిరేకంగా మంతనాలు సాగిస్తారు. తమకు ఏ కట్టుబాటూ ఉండరాదన్నది వారి కోరిక. రెండవ దృశ్యంలో పైనున్న దైవం వారి గర్వాన్ని చూచి నవ్వి, సీయోను కొండ మీద తన రాజును నిలిపానని ప్రకటిస్తాడు. మూడవ దృశ్యంలో ఆ రాజు తనకు లభించిన ఆజ్ఞను వినిపిస్తాడు. దైవం తనను కుమారునిగా స్వీకరించాడని, దిగంతాల వరకు అధికారం ఇస్తానన్నాడని చెబుతాడు. ఇనుపదండం, కుండల పోలిక ఇక్కడే వస్తాయి. నాలుగవ దృశ్యంలో కవి నేరుగా రాజుల వైపు, న్యాయాధిపతుల వైపు తిరిగి వివేకం తెచ్చుకొమ్మని, భయభక్తులతో మెలగమని హితవు చెబుతాడు.

పాట రాజుల కుట్రతో మొదలై రాజులకు చెప్పే హితవుతో ముగింపుకు వస్తున్నదని గమనించాలి. సామాన్య భక్తులకు వర్తించే మాట చిట్టచివర ఉన్నది. దైవాన్ని ఆశ్రయించినవారు ధన్యులన్నది దాని సారం. శరణాగతి తత్త్వం తెలిసిన మన ఇళ్లలో ఆ మాటకు వ్యాఖ్యానం అక్కరలేదు.

పట్టాభిషేకపు పాట

ఇది యెరూషలేములో రాజుకు పట్టం కట్టే వేళ పాడిన పాట అయి ఉంటుందని బైబిలు పండితులలో చాలామంది అభిప్రాయం. మన రాజులకు పుణ్యనదీ జలాలతో అభిషేకం జరిగినట్టే అక్కడి రాజులకు తలపై నూనె పోసి అభిషేకం చేసేవారు. హీబ్రూలో 'మెస్సీయ' అన్నా, గ్రీకులో 'క్రీస్తు' అన్నా అర్థం ఒకటే, అభిషిక్తుడు. మొదట అది సింహాసనం ఎక్కిన ప్రతి రాజుకూ వర్తించిన బిరుదు.

ఆ రాజ్యం మహాసామ్రాజ్యమేమీ కాదు. ఒక వైపు ఈజిప్టు, మరో వైపు అస్సిరియా, ఆ తరువాత బాబిలోను వంటి బలవంతుల నడుమ నలిగిన చిన్న రాజ్యం. తెలుగులో 'అన్యజనులు' అని అనువదించిన హీబ్రూ పదం 'గోయిమ్'. దాని మూలార్థం 'జాతులు' లేదా 'దేశప్రజలు' అని మాత్రమే. ఆనాటి కవి కళ్లముందు ఉన్నవి చుట్టూ ఉన్న మోయాబు, ఏదోము, ఫిలిష్తీయ వంటి రాజ్యాలు, వాటి రాజుల సేనలు. గోదావరి తీరంలో గంగమ్మకు దీపం వదిలే ముత్తైదువ ఆ కవి ఊహలోనే లేదు.

కుండల పోలికకు కూడా ఒక చారిత్రక నేపథ్యం ఉంది. దాదాపు నాలుగు వేల ఏళ్ల క్రితం ఈజిప్టులో శత్రురాజుల పేర్లు మట్టికుండల మీద వ్రాసి వాటిని పగులగొట్టే ఆచారం ఉండేది. ఆ పెంకులు పురావస్తు తవ్వకాలలో దొరికాయి. బలవంతులైన రాజులు చిన్న రాజ్యాలపై ప్రయోగించిన ఆ భాషనే ఒక చిన్న రాజ్యపు కవి తిప్పి వారి గర్వానికి వర్తింపజేశాడని అనుకోవడానికి అవకాశముంది.

ఒకే మాట, మూడు చోట్లు

ఆ వచనంలో 'దండం' అని అనువదించిన హీబ్రూ పదం 'షేవెత్'. దానికి కర్ర, గొర్రెల కాపరి చేతికర్ర, రాజదండం, శిక్షించే బెత్తం అని పలు అర్థాలున్నాయి. ఇదే పదం బైబిలులో మరి రెండు చోట్ల ఎలా వచ్చిందో చూస్తే మన వచనం మీద వెలుగు పడుతుంది.

మొదటిది, క్రైస్తవులు మరణశయ్య దగ్గర సైతం చదువుకునే ఇరవైమూడవ కీర్తన. అందులో భక్తుడు దైవాన్ని గొర్రెల కాపరిగా భావించి, చీకటి లోయలో నడిచేటప్పుడు నీ చేతి కర్ర నాకు ఓదార్పు అంటాడు. ఆ కర్ర ఇదే షేవెత్. అది గొర్రెను కొట్టే కర్ర కాదు, తోడేలును తరిమే కర్ర. మన కురుమలు, గొల్లలు భుజాన గొంగడి వేసుకుని చేత పట్టే కర్ర కూడా అందుకే. మల్లన్న కథను డోలు వాయిస్తూ చెప్పే ఒగ్గు కళాకారులున్న ఈ సీమలో కాపరి కర్రకు వేరే వివరణ అవసరం లేదు.

రెండవది, దావీదు రాజుకు దైవం ఇచ్చిన మాట. నీ వంశాన్ని నిలుపుతాను, నీ కుమారుణ్ణి నా కుమారునిగా చూచుకుంటాను, అయితే అతడు తప్పు చేస్తే దండించి తీరుతాను అని దాని సారాంశం. అక్కడా అదే పదం. రెండవ కీర్తనలో రాజు చేతికి వచ్చిన దండమే ఇక్కడ రాజు వీపు మీదికి వస్తుంది.

ఇది ఊరక చెప్పిన మాట కాదని తెలిపే కథ ఒకటి బైబిలులోనే ఉంది. దావీదు ఒక సైనికుని భార్యను ఆశించి ఆ సైనికుణ్ణి యుద్ధంలో చంపించాడు. అప్పుడు నాతాను అనే ప్రవక్త రాజసభకు వచ్చి ఒక కథ చెప్పాడు. ఎన్నో మందలున్న ధనికుడు, అతిథికి వండిపెట్టడానికి పేదవాని ఒకే ఒక్క గొర్రెపిల్లను లాక్కున్నాడట. దావీదు మండిపడి, అటువంటివాడు మరణశిక్షకు అర్హుడన్నాడు. ఆ మనుష్యుడవు నీవేనని నాతాను వేలెత్తి చూపాడు. అభిషేకం పొందిన రాజు తల వంచవలసి వచ్చింది. దైవం అధికారమిచ్చినంత మాత్రాన రాజు దైవం కాడని ఆ కథ చెబుతుంది.

ధర్మపురి నేర్పే పాఠం

ఈ తత్త్వం మనకు ఎంత దగ్గరిదో తెలుసుకోవడానికి జగిత్యాల నుంచి ధర్మపురి దాకా వెళితే చాలు. గోదావరి ఒడ్డున లక్ష్మీనరసింహస్వామి కొలువైన ఆ ఆలయ ప్రాంగణంలో యమధర్మరాజుకు ప్రత్యేక మందిరం ఉంది. యముడికి గుడి కనిపించడం అరుదు. ఆయన దండధరుడు, ఆయనే ధర్మరాజు. దండం పట్టినవాడికి ధర్మమన్న పేరు పెట్టుకున్న సంస్కృతి మనది.

ఆ యముడికి సైతం శిక్ష తప్పలేదని మహాభారతం ఆదిపర్వం చెబుతుంది. నిర్దోషి అయిన మాండవ్య మహర్షి శూలం మీద నరకయాతన పడ్డాడు. చిన్నతనంలో తెలియక పురుగులను హింసించినందుకు ఫలమిదని యముడు చెప్పగా, పసితనపు తప్పుకు ఇంత శిక్ష అధర్మమని మహర్షి శపించాడు. ఆ శాపం వల్లనే యముడు విదురుడై దాసీగర్భాన జన్మించాడు. దండం హద్దు మీరితే దానిని ధరించిన దేవత కూడా జవాబు చెప్పవలసి వచ్చింది. మనుస్మృతి ఏడవ అధ్యాయం సైతం దండాన్ని అన్యాయంగా ప్రయోగించిన రాజును ఆ దండమే నశింపజేస్తుందని హెచ్చరిస్తుంది. వేనుడనే రాజు తనను తప్ప ఎవరినీ పూజించరాదని శాసించి, ఋషుల ఆగ్రహానికి నేలకూలిన కథ భాగవతంలో ఉన్నది. అతని బాహువుల మథనం నుంచి పుట్టిన పృథుచక్రవర్తి, ఆకలితో వచ్చిన ప్రజల కోసం భూమినే గోవుగా పితికి ఆదర్శపాలకుడైనాడు.

మన భాషలోనే ఈ భావం ఇమిడి ఉంది. 'పాలించడం' అంటే కాపాడటం. 'గోపాలుడు' ఆవులను కాచేవాడైతే 'భూపాలుడు' భూమిని కాచేవాడు. దండమంటే కర్ర, దండమంటే శిక్ష, దండమంటే నమస్కారం కూడా. ఇన్ని అర్థాలను ఒకే మాటలో మోస్తున్న మనకు 'షేవెత్' అనే మాట అర్థం కాకపోవడానికి కారణం లేదు.

కఠినమైన మాటను దాచరాదు

ఎంత వివరించినా ఆ వచనంలో పగులగొట్టడమనే మాట ఉన్నది కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, ఉన్నది. దానిని తేనె పూసి చెప్పడం నిజాయితీ కాదు. అయితే ఒక విశేషం తెలుసుకోవాలి. ప్రాచీన హీబ్రూలో హల్లులు మాత్రమే వ్రాసేవారు. అచ్చుల గుర్తులను పండితులు చాలా కాలం తరువాత చేర్చారు. ఆ క్రియాపదాన్ని ఒక విధంగా పలికితే 'పగులగొడతావు' అని, మరొక విధంగా పలికితే 'కాపరివై కాస్తావు' అని అర్థం వస్తుంది. క్రీస్తుకు పూర్వమే యూదులు చేసిన గ్రీకు అనువాదం రెండవ అర్థాన్నే తీసుకున్నది. కొత్త నిబంధన చివరి గ్రంథమైన ప్రకటన గ్రంథం ఆ గ్రీకు పాఠాన్నే అనుసరించింది. కుండలు పగిలే పోలిక పక్కనే ఉన్నందువల్ల మొదటి అర్థమే సరియైనదనే పండితులు కూడా ఎక్కువమందే ఉన్నారు. రెండు పాఠాలూ చదవదగినవే.

కఠినత్వం మన గ్రంథాలలోనూ లేకపోలేదు. స్తంభం చీల్చుకు వచ్చిన నరసింహుని రూపం సౌమ్యమైనదా? దుష్టశిక్షణకు ఖడ్గధారియై వస్తాడని భాగవతం చెప్పే కల్కి సంగతేమిటి? అయినా మన పిల్లలు నరసింహుని చూచి జడుసుకోరు. ఆ గోళ్లు చీల్చినది తానే సర్వేశ్వరుడనని విర్రవీగిన ఒక రాజును అని, ఆ స్వామి ఒడిలో చేరినది ఒక పసివాడని వారికి తెలుసు. శేషప్ప కవి నరసింహ శతకం నోటికి వచ్చిన ధర్మపురి ప్రాంతంలో స్వామి ఉగ్రత్వం భక్తుని భరోసాగానే నిలిచింది. మన ఉగ్రమూర్తిని సందర్భంతో కలిపి అర్థం చేసుకొమ్మని ఇతరులను కోరే మనం, వారి కీర్తనకు అదే న్యాయం చేయవద్దా?

సింహాసనం పోయినా మిగిలిన పాట

క్రీస్తుపూర్వం ఆరవ శతాబ్దంలో బాబిలోను సేనలు యెరూషలేమును ధ్వంసం చేశాయి. దావీదు వంశపు సింహాసనం అంతరించింది. పట్టం కట్టడానికి రాజు లేడు, అయినా పట్టాభిషేకపు పాటను ఆ ప్రజలు విడిచిపెట్టలేదు. మరల ఒక అభిషిక్తుడు వస్తాడనే ఆశతో దానిని పాడుకున్నారు. పదకొండవ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషి, పూర్వపండితులు దీనిని రాబోయే మెస్సీయకు అన్వయించారని చెబుతూనే, తేటైన అర్థంలో ఇది దావీదుకు చెందినదని వ్రాశాడు.

క్రైస్తవులు ఆ అభిషిక్తుడు యేసే అని విశ్వసిస్తారు. ఈ విశ్వాసాన్ని హిందువు అంగీకరించనక్కర లేదు. అవతార తత్త్వానికీ దీనికీ భేదాలు ఉన్నాయి, వాటిని చెరిపివేయడం ఎవరికీ మేలు కాదు. కానీ వారు ఎవరిని ఆ రాజుగా ఎంచుకున్నారో గమనించాలి. ఆయన గాడిద మీద నగరంలో ప్రవేశించినవాడు. ముళ్ల కిరీటం ధరించినవాడు. సైనికులు పరిహాసంగా ఆయన కుడిచేతిలో పెట్టిన రాజదండం ఒక రెల్లు పుల్ల అని సువార్త చెబుతుంది. ఇనుపదండం పాటను నమ్మేవారు కొలిచే రాజు చేతిలో రెల్లు పుల్ల ఉండటాన్ని వారే మరచిపోకూడదు. ఆ వచనాన్ని పొరుగువారి మీద బెదిరింపుగా ప్రయోగించే బోధకులు ఎవరైనా ఉంటే, వారు తమ గ్రంథానికే అన్యాయం చేస్తున్నారు.

ఈ నేల ఎరిగిన దండం

జవాబుదారీ లేని దండం ఎలా ఉంటుందో ఈ ప్రాంతానికి గ్రంథాలు చదివి తెలుసుకోవలసిన అవసరం లేదు. దొరల గడీల ముందు చేతులు కట్టుకుని నిలబడిన తాతలను, వెట్టిచాకిరి చేసిన అవ్వలను ఎరిగిన కుటుంబాలు ఇంకా ఉన్నాయి. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీలు జరిపిన ఊరేగింపు జైత్రయాత్రగా చరిత్రకెక్కింది. అదే సంవత్సరం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆనాటి మార్గాల మంచిచెడ్డల మీద భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. తన మీద అడిగేవాడు లేడనుకున్న అధికారం ఊరిని ఏ స్థితికి తెచ్చిందన్న విషయంలో మాత్రం భిన్నాభిప్రాయం ఉండదు. రెండవ కీర్తన మొదటి దృశ్యంలో కట్టుబాట్లను తెంచుకోవాలని చూచిన రాజులు కోరినది కూడా అటువంటి అధికారాన్నే.

దానికి భిన్నమైన అధికారం ఎలా ఉంటుందో వేములవాడ చూపిస్తుంది. అక్కడ కొలువైనవాడు రాజరాజేశ్వరుడు, రాజులకు రాజు. ఆయనను మన జనం 'రాజన్న' అని పిలుచుకుంటారు. 2016 అక్టోబరు 11న ఏర్పడిన జిల్లాకు రాజన్న సిరిసిల్ల అని పేరు వచ్చింది ఆయన వల్లనే. కోడెను పట్టుకుని ప్రదక్షిణ చేసి మొక్కు చెల్లించే పేదరైతు ఆ రాజు ముందు వణకడు, అన్నతో చెప్పుకున్నట్టు తన కష్టం చెప్పుకుంటాడు. రాజులకు పైన ఒక రాజున్నాడన్న నమ్మకం పేదవానికి ధైర్యం, బలవంతునికి హద్దు. ఆ కీర్తన చెప్పేదీ అదే.

కనుక మన ఇళ్లలో మూడు విషయాలు ఆలోచించాలి. పొరుగింటి గోడమీద ఆ వాక్యం కనిపించినప్పుడు మనసులో పగ పెంచుకోకుండా, దాని భావమేమని ఆ ఇంటివారినే స్నేహంగా అడగడం మొదటిది. అడిగే చనువు ఉంటే అపార్థం నిలవదు. మన పురాణకథలను పిల్లలకు సందర్భంతో సహా చెప్పడం రెండవది. మాండవ్యుని కథ తెలిసిన పిల్లవాడు ఏ మతగ్రంథపు కఠిన వాక్యానికైనా తొందరపడి అర్థం తీయడు. మూడవది అన్నింటికంటె ముఖ్యమైనది. దండం రాజుల చేతిలోనే ఉంటుందని అనుకోరాదు. సాంచాల యజమాని చేతిలో నేతకార్మికుని కూలి ఉన్నది. కార్ఖానాదారు చేతిలో బీడీలు చుట్టే స్త్రీ లెక్క ఉన్నది. అత్తగారి చేతిలో కోడలి మనశ్శాంతి ఉన్నది, తండ్రి చేతిలో పిల్లవాని వీపు ఉన్నది. మనకు చిక్కిన ఆ కొద్దిపాటి అధికారాన్ని కాపరి కర్రగా వాడుతున్నామా, మరొకలాగానా అని ప్రతి సాయంత్రం దీపం పెట్టే వేళ తలచుకుంటే మంచిది. ధర్మపురిలో దండధరుని సన్నిధిలో నిలబడి చేతులు జోడించే ప్రతి భక్తుడూ ఆ లెక్క ఒకనాడు చెప్పవలసినవాడే.